పెండ్లి కాలేదు అన్న మాట

"ఆ పిల్లను కాపాడినావో, బజార్న పెట్టినావో నీకే తెలియాల ఆయమ్మా" అనింది సిస్టరమ్మ, ఆటోలో కాలు పెడతా.

"రెండూ చేసినట్టుండానమ్మా" అంటిని.

"అట్లయితే నీకు నిద్ర పట్టదులే."

"నీకు పడతాదా?"

ఆటోవాడు ఆమె ట్రంకుపెట్టెను కాళ్ళ సందున ఇరికించి బండి లాగేసినాడు. ఆ పొద్దు ఆమెను మదనపల్లె నుంచి కుప్పం పక్క ఆస్పత్రికి మార్చేసినారు. ఆమే నేనూ మాట్లాడుకున్న కడా మాట అదే. పోయినేడు ఆమె సచ్చిపోయిందని తెలిసింది. పిడికెడు మన్ను వేసొస్తామంటే నా మోకాళ్ళు రాలా.

నేను చదువుకోలా. నా పేరు రాయడం వస్తాది, అదీ వంకరగా. నేను చెప్తాంటే మా తమ్ముని కూతురు రాస్తాండాది. ఈ పిల్ల కుప్పంలో టీచరు, నన్ను అత్తా అంటాది. నా మాట మొరటు. వార్డులో ఈ కొన నుంచి ఆ కొనకు అరిచి అరిచి గొంతు ఇట్లయింది. ఇప్పుడు ఆస్పత్రుల్లో ఆయాలుగా, నర్సులుగా చేరతాండే పిల్లలు ఉండారు కదా, మీకోసం చెప్తాండా. మీరు నాకన్నా బాగా చదువుకున్నోళ్ళే. అయినా ఒక కత వినండి.

మాది పుంగనూరు. మా ఆయన మదనపల్లె టమాటా మార్కెట్లో హమాలీ. క్రేట్లు ఎత్తుతా ఎత్తుతా గుండె పట్టుకొని కూలబడినాడు, మళ్ళా లేవలా. ఆ తర్వాత ఎవురో దయ తలిచి మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో ఆడోళ్ళ వార్డులో ఆయాగా పెట్టినారు. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కడం, మైల గుడ్డలు ఉతకడం, కాన్పు బల్ల కడగడం, డాక్టరమ్మ గది కర్టెను కాడ నిలబడి పేర్లు పిలవడం. పని అంతే.

వార్డంతా పెద్దనర్సు సిస్టరమ్మది. డాక్టర్లు వస్తారు, పోతారు, ఆమె పోదు. పెద్ద మనిషి, పెద్ద చేతులు, నడిస్తే నేల అదిరేది. నొప్పులు పడే పిల్లను తిట్టేది, ఆ తిట్టే నోటితోనే పాట పాడి నిద్రపుచ్చేది. కిరస్తానీ. బొట్టు పెట్టదు. ఆమె నుదురు బోడిగా ఉంటే ఎవురూ ఏమీ అనరు. నా నుదురు బోడిగా ఉంటే పెండ్లికి పోతాండే పిల్ల ఎదురొచ్చినా పక్కకు తప్పుకోవాల. ఈ తేడా ఆమెకు తెలియదు. తెలియాల్సిన పని ఆమెకు పడలా.

మా వార్డులో ఒక ఆచారం ఉండేది. పెండ్లికాని పిల్ల కడుపు తీయించుకోను వస్తే, డాక్టరమ్మ గదిలోకి పొయ్యేలోపల సిస్టరమ్మ దాని మెడలో ఒక పసుపుదారం కట్టేది. దూది, కట్టుగుడ్డలు పెట్టుకునే అల్మారలోనే ఆ దారపు ఉండ పెట్టుండేది. పక్క మంచాలోళ్ళు చెవులు కొరుక్కోకుండా ఉండేదానికి అది. చీటీలో మొగుని పేరు అడిగితే యాదో ఒక పేరు చెప్పేది. ఆ పేర్లు కూడా ఆమే పెట్టేది, బస్సులమింద రాసుండే పేర్లు. పని అయినాక దారం తెంచుకొని ఆ పిల్ల ఇంటికి పొయ్యేది. ఎవురికీ నష్టం లేదు.

నెలలు ముదిరితే మాత్రం ఆ దారం పనికి రాదు. చట్టం నాకు తెలిసిందెంతంటే సిస్టరమ్మ చెప్పినంతే. ఇరవై వారాల లోపలైతే ఒక డాక్టరు చాలు. ఇరవైనాలుగు దాటితే ఇంక కోర్టుకు పోవాల. ఆ నడుమ ఉండేదానికి ఇద్దురు డాక్టర్లు సంతకం పెట్టాల, అదీ కొందురికే. బలవంతం జరిగిన పిల్లకు చేస్తారు. బిడ్డకు లోపముంటే చేస్తారు. కడుపుతో ఉండంగా మొగుడు సచ్చిపోయినా, విడాకులైనా చేస్తారు. పెండ్లే కాని పిల్ల పేరు అందులో లేదంట. మొగుడు సస్తే అవుతాది, మొగుడే లేకపోతే కాదు. ఇది రాసినాయప్పకు ఆ పొద్దు ఏం మతి ఉండెనో నాకు తెలియదు.

దానికి సిస్టరమ్మ కనిపెట్టిన ఉపాయం, ఆ పిల్లను విధవను చేసేయడం. బొట్టు తీసి, గాజులు తీసి, తలలో పూలు తీసి, పాతచీర కట్టించి డాక్టరమ్మ ముందర నిలబెట్టడం. "మొగుడు పోయినాడు మేడమ్, పాపం" అనేది ఆమె. ఆ తియ్యడమంతా నా పని. మొదటిసారి నాకు చెప్పినప్పుడు, "ఎట్లుండాలో నీకు తెలుసు కదా ఆయమ్మా" అనింది. కుళ్ళుతో అనలా. చీపురు యాడుందో నీకు తెలుసు కదా అన్నట్టు అనింది. నేను గమ్మున చేస్తిని. ఆ పొద్దు ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందర పెట్టుకొని కూసుంటిని, దిగలా.

చీటీలు రాసే గుమస్తాయప్ప ఒకడు నన్ను సూస్తే నవ్వేవాడు. "ఏం ఆయమ్మా, మీ వార్డు గడప తొక్కితే సాలు, మొగుడు సచ్చిపోతాడంట కదా. మా ఇంటిదాన్ని ఆ పక్కకు రానీను."

"నువ్వు భయపడొద్దులేప్పా" అంటిని. "నిన్ను యముడు కూడా టోకెను తీసుకో అంటాడు."

ఆ పిల్ల వచ్చింది ఆ దినాల్లోనే. కుప్పం అవతల ఒక పల్లె. బెంగుళూరులో బట్టల కంపెనీలో మిషను కుట్టేది, వారానికొకసారి రైలెక్కి ఇంటికొచ్చేది. తల్లి కూలికి పోతాది. తల్లీబిడ్డా వరండాలో నా తావ కూసున్నారు.

"కుప్పంలో ఆస్పత్రి లేదామ్మా?" అంటే తల్లి అనింది, "ఆడ ఆటో తోలేవాడు కూడా సుట్టమే అక్కా."

స్కానింగు చేస్తే ఇరవై దాటింది. ఇరవైనాలుక్కు ఇంక నిండా లేదు. సిస్టరమ్మ వాళ్ళను పక్కకు పిలిచి ఎప్పుడూ చెప్పే మాట చెప్పింది. తల్లి సరే అనింది. పిల్ల సరే అనలా, కాదనలా, గోడపక్క తిరుక్కునింది. డాక్టరమ్మ సెలవులో ఉండాది, వచ్చినాక సూస్తామని వాళ్ళను వార్డులోనే ఒక మంచం మింద పెట్టింది సిస్టరమ్మ.

ఇంతలో నేను సిస్టరమ్మకు కాఫీ తెద్దామని ఆస్పత్రి ఎదురు అంగడికి పోతిని. అందురూ టీవీ సూస్తాండారు. ఢిల్లీ పెద్దకోర్టు చెప్పిందంట, పెండ్లయినదానికి ఒక న్యాయం, కానిదానికి ఒక న్యాయం ఉండకూడదు, ఇరవైనాలుగు వారాల దాకా అందురాడోళ్ళకూ ఒకటేనని.

"ఇంక ఆడపిల్లల్ని అడిగేవాడు లేడు" అన్నాడు ఒకాయప్ప.

"ఉండేటప్పుడు నువ్వేం అడిగినావు?" అన్నాడు టీ పోసే ముసలాయన. అందురూ నవ్వినారు.

నేను కాఫీ ఒలకబోసుకుంటా పరిగెత్తితిని. సిస్టరమ్మ నా మాటంతా విని, ఉండే కాస్త కాఫీ తాగి, నోరు తుడుచుకునింది. "టీవీవాడు వచ్చి సంతకం పెడతాడా ఆయమ్మా? పైనుంచి పేపరు రావాల. వస్తే పెద్దడాక్టరు చదవాల. చదివినాక భయపడకుండా ఉండాల. ఇవన్నీ అయ్యేలోపల ఈ పిల్లకు కాన్పే అయిపోతాది."

ఆమె చెప్పింది అబద్ధం కాలా. ఎలక్షన్లకు ఏడాదిన్నర ముందే మైకులు లేచిన కాలమది. పుంగనూరులో మా సందు మొగదల్లో ఒక నాయకుడు మైకు పట్టుకున్నాడు. "ఢిల్లీలో కోర్టులు ఏమైనా చెప్పనీ, మన ఆడబిడ్డల మానం మన చేతిలో ఉండాది. మదనపల్లె ఆస్పత్రిలో ఏం జరగతాందో నాకు తెలుసు" అన్నాడు. నా పక్కన పాలు పోసే ఆమె నా చెవిలో అడిగింది, "ఈయనకు ఆడోళ్ళ వార్డులో ఏం పని అక్కా?"

"ఎలక్షను పని" అంటిని.

మరుసటి దినం అవతలి పార్టీ వాళ్ళూ అదే తావ మైకు పెట్టినారు. ఆ తీర్పు వాళ్ళే చెప్పినట్టు మాట్లాడినారు. రెండు మైకుల్లో ఒకదాంట్లో కూడా గడువు దగ్గరపడతాండే పిల్ల మాట లేదు.

దాంతో పెద్దడాక్టరుకు దడ పుట్టింది. పెండ్లికాని కేసులు వస్తే తిరుపతికి పంపించేయండి, ఈ గలాటా చల్లారేదాకా ఈడ ముట్టుకోవద్దు అని నోటిమాటగా చెప్పేసినాడు. తిరుపతికి పోతే మళ్ళా మొదట్నుంచి స్కానింగు, మొదట్నుంచి లైను, ఆ లోపల గడువు దాటిపోతాది. ఆ పిల్లకు ఉండే దారి ఇంక ఈ వార్డే.

డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చిన పొద్దు సిస్టరమ్మ నన్ను గుడ్డలు మడిచే గదిలోకి పిలిచింది. పిల్లా తల్లీ ఆడే ఉండారు. పాతచీర మడిచి పెట్టుంది.

"బొట్టు తియ్ ఆయమ్మా. గాజులు నిదానంగా తియ్, పగలగొట్టొద్దు, పాపం కొత్తవి."

నా చెయ్యి లేవలా.

"ఏమైంది? స్టిక్కరే కదా. తీసి తలుపుకు అంటించు. పని అయినాక మళ్ళా పెట్టుకుంటాది."

"నాది తలుపుకు అంటించి పోలేదమ్మా ఎవురూ" అంటిని.

ఆమె నన్ను సూసింది. అన్నేండ్లు కలిసి పని చేసినాము, ఆ సూపు ఎప్పుడూ సూళ్ళా. కోపం కాదు. ఇంత దినం ఈ మనిషి ఎవురో తెలియకుండా జత తిరిగినానే అన్నట్టుండాది. కానీ అవతల డాక్టరమ్మ పిలస్తాండాది, ఆగేదానికి లేదు. "నీ బాధ నాకు తర్వాత చెప్పు" అని తనే పిల్ల నుదుటి మిందికి చెయ్యి పోనిచ్చింది.

పిల్ల ఆ చెయ్యి పట్టుకునింది. "వద్దు సిస్టర్."

తల్లి నెత్తి కొట్టుకునింది. "వాడు సచ్చినాడంటే నీదేం పోయెనే?"

"వాడు సచ్చిపోలేదు కదమ్మా. మా కంపెనీలోనే కటింగ్ సెక్షన్లో ఉండాడు. ఇప్పుడు ఇంకొక పిల్లకు ఇడ్లీ పొట్లం తెచ్చిస్తాండాడు. నేను వాడు సచ్చినాడని చెప్తే వానికి సులువైపోతాది."

అప్పుడు నేను నోరు తెరిస్తిని. "కోర్టు చెప్పిందంట పాపా. పెండ్లి కాలేదని చెప్పినా చెయ్యాల్సిందేనంట."

"ఆయమ్మా, నోరు ముయ్యి" అనింది సిస్టరమ్మ. "అయ్యే పని చెడగొడతావు. విధవ పక్క ఎవురూ తిరిగి సూడరు. ఈ పిల్లకు ఇప్పుడు కావాల్సింది అదే."

"ఎవురూ సూడకపోతే ఎట్లుంటాదో నన్నడుగు" అంటిని.

ఎవురం గెలవలా. లోపలి నుంచి పిలుపు వచ్చింది. పిల్ల స్టిక్కరుతోనే, గాజులతోనే నడిచింది. నేను దాని భుజం మింద చెయ్యి పెట్టి జతలో పోతిని.

డాక్టరమ్మ చిన్నామె, అనంతపురం పక్క. తల ఎత్తకుండా రాసుకుంటా, "భర్త?" అనింది.

"పోయినాడు మేడమ్" అనింది తల్లి, మెల్లగా.

పిల్ల నా పక్క సూసింది. తర్వాత డాక్టరమ్మ పక్క తిరిగి అనింది, "పోలేదు. నాకు పెండ్లి కాలేదు."

గట్టిగానే అనింది. మిషన్ల నడుమ పని చేసే పిల్లకు మెల్లగా మాట్లాడే అలవాటు ఉండదు. ఆ గదికి తలుపు లేదు, కర్టెనే. అవతల బెంచీ మింద గుసగుసలు ఆగిపోయినాయి. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"నీ వయసెంతమ్మా?"

చెప్పింది. మేజరే.

"నువ్వు ఇష్టపడే చేయించుకుంటాండావా? ఎవురూ బలవంతం చేయలేదు కదా?"

"నాకు వద్దు మేడమ్ ఈ కడుపు. నేనే వచ్చినా."

డాక్టరమ్మ చీటీ పట్టుకొని పెద్దడాక్టరు గదికి పోయింది. నేను నీళ్ళ చెంబు సాకుతో వెనకాలే పోతిని. ఆయన వద్దంటాండాడు. పరిస్థితి బాగలేదు, పత్రికలోళ్ళు కాసుకోనుండారు, తిరుపతికి రాసెయ్యమంటాండాడు. ఆమె గొంతు పెంచలా. "సరే సార్. కోర్టు చెప్పినాక కూడా చెయ్యకూడదు అని మీరు రాసివ్వండి. ఆ కాయితం ఇచ్చే పంపిస్తాను" అనింది.

ఆయన పంకా పక్క సూసినాడు, కిటికీ పక్క సూసినాడు. నాకు ఇంత ఉద్యోగంలో తెలిసిన సంగతి ఒకటుండాది. మన ఆఫీసుల్లో వద్దు అనే మాట నోటితోనే చెప్తారు. రాయమంటే ఒక్కరూ రాయరు. ఆయన రాయలా. సంతకం పెట్టినాడు.

పని అయింది. పిల్లకు ఏమీ కాలా. పిల్ల వార్డులో ఉండిన ఆ రెండు దినాలూ సిస్టరమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలా. పిల్ల మంచం కాడ మాత్రం ఆమే ఉండాది. ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, ఇంటి నుంచి పల్చగా అంబలి కాచుకొచ్చింది. ఉపాయం చెప్పి కాదనిపించుకున్న మనిషి అట్లా సేవ చేస్తే, నాకు సూసేదానికి కష్టమయ్యింది.

కర్టెను అవతల బెంచీ మింద కూసున్నోళ్ళలో కుప్పం పక్క ఆడామె ఒకతి ఉండాదని తర్వాత తెలిసింది. మాట బస్సెక్కింది. పుంగనూరు మైకులో నాయకుడు, "ఫలానా పక్క పిల్లంట" అని ఊరు తెలిసేట్టు చెప్పినాడు. గేటు కాడికి ఆయన మనుషులు వచ్చినారు. వాళ్ళు పోతాండగానే అవతలి పార్టీ అక్క ఒకతి ఆపిల్ పండ్ల బుట్ట, పట్టుచీర తీసుకొని, ఫోన్లలో వీడియో తీసే పిల్లకాయలతో దిగింది. "ధైర్యంగా నిలబడిన మా చెల్లి యాడ? సన్మానం చేస్తాము" అంటాది. మొదటోళ్ళు ఆ పిల్లను తిట్టేదానికి వచ్చినారు, ఈమె పొగిడేదానికి వచ్చింది. ఇద్దరికీ కావాల్సింది దాని మొగమే.

సిస్టరమ్మ నా పక్క ఒక సూపు సూసింది. మాట్లాడే పని లేకపోయె. నేను గేటుకు అడ్డం నిలబడితిని.

"యా పిల్లమ్మా? ఈడ అందురూ పిల్లలే."

"అదే, కోర్టు తీర్పు పిల్ల."

"కోర్టు మదనపల్లెలో ఆ వీధిలో ఉండాది, ఇది ఆస్పత్రి."

నేనట్లా మొద్దు మాదిరి మాట్లాడతాంటే, సిస్టరమ్మ వెనకపక్క దుప్పట్లు ఆరేసే తీగల నడుమ నుంచి తల్లీబిడ్డను నడిపించుకొని పోయి బస్సెక్కించి వచ్చింది. మేమిద్దరం కలిసి చేసిన కడా పని అది.

ఎవురో ఒకరు పోవాల కదా. డాక్టరమ్మ తావ సంతకాలుండాయి, ఆమెను ముట్టుకోలా. పెద్దడాక్టరు పెద్దడాక్టరే. ఇంత చిన్న వయసు విధవలు ఈ వార్డుకే యాల వస్తాండారు అని ఎవురో పైన నవ్వులాటగా అడిగినారంట. గుమస్తాయప్ప జోకు అంత దూరం పోయిందో, ఎట్లనో. సిస్టరమ్మకు బదిలీ వచ్చింది. అన్నేండ్లు ఎంతమంది ఆడపిల్లల్ని అబద్ధం చెప్పి గట్టెక్కించిందో, ఒక పిల్ల నిజం చెప్పిన పొద్దుకు ఆమె వార్డు వదిలి పోయింది.

ఎలక్షన్లయిపోయినాయి. టమాటా ధర పడిపోతానే మార్కెట్లో జనాలు రోడ్డు మింద పంట పారబోసినారు, మైకులన్నీ ఆ పక్క తిరుక్కున్నాయి. ఆ పిల్ల మాట అందురూ మర్చిపోయినారు. దాని పల్లె మాత్రం మర్చిపోలా. తల్లిని కూలికి పిలిచేవాళ్ళు లేక ఇల్లు మూసి బెంగుళూరు పోయినారంట. ఆ కంపెనీ మాని ఇంకొక కంపెనీలో చేరిందంట పిల్ల. సిస్టరమ్మకు ఒకసారి ఫోను చేసిందంట. ఏం చెప్పిందని నేను వేరే నర్సును పెట్టి అడిగిస్తే, "దాని బతుకు అది బతకతాంది, ఆయమ్మను అడగొద్దని చెప్పు" అనిందంట సిస్టరమ్మ. నాకు ఫోను రాలా.

చట్టం మారింది మంచికే. ఇప్పుడు పెండ్లికాని పిల్ల వచ్చి పేరు చెప్పి చీటీ తీసుకుంటాంటే నేను సూసినా రిటైరయ్యే లోపల. పసుపుదారం ఉండ ఎలకలు కొరికేసినాయి, ఎవురూ కొత్తది తేలా. కోర్టు ఢిల్లీలో ఒక మాట చెప్తే అది మన గుడ్డ కర్టెను కాడికి వచ్చేసరికి దాన్ని ఒక మనిషి నోటితో అనాల్సి వస్తాది, బెంచీ మింద కూసున్నోళ్ళు వింటారు. ఆ మనిషికి ఏమవుతాదో కోర్టుకు తెలియదు. మీకు తెలియాల పిల్లలారా. ముందర ఆ గదికి తలుపు పెట్టించుకోండి.

నాకు తెగని సంగతి ఒకటుండాది. ఆ పిల్ల ఆ మాట అనే ముందర నా పక్క సూసింది. నా చెయ్యి దాని భుజం మింద ఉండాది. ఊరికే పెట్టినానా, నొక్కినానా? దానికి చెప్పాలనిపించి చెప్పిందా, బోడి నుదురుతో నేను ఆడ నిలబడుంటే నన్ను సూసి చెప్పిందా? నా కడుపులో మంట దాని నోట్లో నుంచి వచ్చిందేమో అని, ఇప్పటికీ పడుకుంటే లేచి కూసుంటాను.

రాసింది సాలు పాపా. నువ్వు టీచరువు, నా మాటల్ని సక్కజేసింటావు, నాకు తెలుసు. చేసింటే చేసినావులే. మొత్తం చదవొద్దు. డాక్టరమ్మ "భర్త?" అని అడిగిన కాడ నుంచి చదువు. ఏమీ కలపకుండా, ఆ పిల్ల అన్నట్టు చదువు. ఆ మాట దానిదో, నాదో, నేను వినాల.